పొగ మెషిన్ పక్కనే లైట్లు, ప్రొజెక్టర్ పెడితే పాడవుతాయా?

ప్రశ్న: మేం న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటాం. మా పెద్దవాడికి హాలోవీన్ అంటే పిచ్చి. ఇంటి ముందు అస్థిపంజరాలు, గాలి బొమ్మలు, పాటకు తగ్గట్టు రంగులు మారే పిక్సెల్ లైట్లు, గోడ మీద దయ్యాలు కదిలేలా ఒక ప్రొజెక్టర్, అన్నీ పెడుతున్నాం. పోయిన ఏడాది 1000 వాట్ల పొగ మెషిన్ కొన్నాం. మావాడు దాని ముందు ఒక ఐస్ పెట్టె కట్టాడు, పొగ అందులోంచి వచ్చి నేల మీద పాకుతుంది. ఇదంతా పోర్చ్ మెట్ల పక్కన, లైట్ల కంట్రోలర్ ఉన్న పెట్టె దగ్గరే పెట్టాం. పొగ మొదలైన కాసేపటికి కంట్రోలర్ దానంతట అదే రీస్టార్ట్ అయ్యేది. ప్రొజెక్టర్ బొమ్మ మసకబారింది, ఇప్పటికీ అలాగే ఉంది. ఈసారి అన్నింటికీ ప్లాస్టిక్ కవర్లు చుట్టేద్దామని మావారు అంటున్నారు. పైగా గ్యారేజ్‌లో పిల్లల కోసం చీకటి సొరంగం కట్టి అందులోనూ పొగ వదలాలని, మోగకుండా స్మోక్ డిటెక్టర్ ఆ ఒక్క రాత్రికి తీసేద్దామని ప్లాన్. నాకు టెన్షన్‌గా ఉంది. పొగ వల్ల ఇవన్నీ నిజంగా పాడవుతాయా? ఎంత దూరంలో పెట్టాలి?

జవాబు: మీరు చివర్లో రాసిన విషయం ముందు తేల్చేద్దాం, ఎందుకంటే మిగతావి పాడైతే డబ్బులు పోతాయి, ఇది అలాంటిది కాదు. స్మోక్ డిటెక్టర్ తీయొద్దండి. ఆ ఒక్క రాత్రికి కూడా వద్దు. నేల నిండా వైర్లు, పక్కనే హీటరు, గుడ్డ తెరలు, థర్మోకోల్ సమాధిరాళ్లు, చీకట్లో పరుగెత్తే పిల్లలు అన్నీ ఒక్కచోట చేరేది ఆ రాత్రే, కాబట్టి ఏడాది మొత్తంలో అలారం అవసరం ఎక్కువగా ఉండేదీ ఆ రాత్రే. 1984 మే 11న మీ న్యూజెర్సీలోనే, జాక్సన్ టౌన్‌షిప్‌లోని సిక్స్ ఫ్లాగ్స్ గ్రేట్ అడ్వెంచర్ పార్కులో హాంటెడ్ కాజిల్ అనే దయ్యాల కోట తగలబడి 8 మంది టీనేజర్లు చనిపోయారు. లోపల చీకటి, వంకర టింకర దారులు, స్మోక్ అలారాలు లేవు, స్ప్రింక్లర్లు లేవు. వినోదం కోసం కట్టే చీకటి ఇళ్లకు అమెరికాలో ఇప్పుడున్న కఠినమైన నిబంధనల వెనక ఆ ప్రమాదం ఉంది. మీవారికి ఈ ముక్క చదివి వినిపించండి.

సాధారణంగా ఇళ్లలో ఉండే డిటెక్టర్లలో చాలా రకాలు గాలిలోని సన్నని కణాలు కాంతిని చెదరగొట్టడాన్ని బట్టి మోగుతాయి, వాటికి నిప్పు పొగకూ మెషిన్ పొగకూ తేడా తెలియదు. గ్యారేజ్‌లో వదిలితే ఇంట్లోకి తెరుచుకునే తలుపు సందుల్లోంచి లోపలి అలారాలు కూడా మోగొచ్చు, అలారం కంపెనీకి కలిపి ఉంటే ఫైరింజన్ వచ్చి గుమ్మం ముందు ఆగుతుంది. అందుకని గ్యారేజ్ లోపల పొగ పూర్తిగా మానేయండి. సొరంగానికి చీకటి, వేలాడే తెరలు, ఒక చప్పుడు చాలు, పిల్లలు వాటికే కెవ్వుమంటారు. పొగ కావాలంటే గ్యారేజ్ తలుపు బయట, ఆరుబయట వదలండి.

ఇక మీ కంట్రోలర్ సంగతి. పొగ మొదలయ్యాకే రీస్టార్ట్ అయింది కాబట్టి పొగే లోపలికి దూరి ఏదో చేసిందని మీరు అనుకుంటున్నారు. నాకైతే అనుమానం పొగ మీద కాదు, పొగ మెషిన్ తాగే కరెంటు మీద. ఆ మెషిన్ ముందుగా ఒక హీటర్ అని గుర్తుపెట్టుకోండి. లోపల ఒక లోహపు దిమ్మె ఉంటుంది, అది బాగా కాలాక చిన్న పంపు ద్రవాన్ని దాని గుండా తోస్తుంది, ద్రవం ఆవిరై నాజిల్ నుంచి బయటికొచ్చి, చల్లగాలి తగలగానే సన్నని బిందువులుగా మారుతుంది. మనం పొగ అంటున్నది ఆ బిందువుల్నే, అక్కడ ఏదీ కాలడం లేదు. 1000 వాట్లంటే 120 వోల్టుల మీద 8 ఆంపియర్లకు పైనే. దిమ్మె చల్లబడినప్పుడల్లా థర్మోస్టాట్ టక్కుమని అంత లోడునీ కలుపుతుంది, కాలగానే తెంచేస్తుంది, మధ్యలో మీవాడు బటన్ నొక్కినప్పుడల్లా పంపు కొట్టుకుంటుంది. ఈ కలపడంలో తెంచడంలో లైనులో ఝలక్‌లు పుడతాయి, ఎక్స్‌టెన్షన్ వైరు సన్నగా, పొడుగ్గా ఉంటే దానికి తోడు వోల్టేజ్ కూడా పడుతుంది. మామూలు బల్బు అయితే ఒక్కసారి మినుక్కుమని ఊరుకుంటుంది, అదే వైరు మీదున్న చిన్న కంప్యూటరో కంట్రోలరో అయితే మొదటికొచ్చేస్తుంది.

ఇది నిజమో కాదో మీరే తేల్చుకోవచ్చు, పైసా ఖర్చు లేదు. పోయిన ఏడాది ఎలా కలిపారో అచ్చం అలాగే అన్నీ కలపండి, లైట్లు నడవనివ్వండి, పొగ మెషిన్ ఆన్ చేయండి, కానీ పొగ బటన్ మాత్రం ముట్టుకోవద్దు. ద్రవం ట్యాంకులో ఉండాలి, ఖాళీ మెషిన్ నడిపితే పంపు పాడవుతుంది. అలా అరగంట చూడండి. హీటరు కలిసినప్పుడో తెగినప్పుడో కంట్రోలర్ రీస్టార్ట్ అయిందంటే ఒక్క చుక్క పొగ లేకుండానే అయినట్టే కదా, దొంగ దొరికినట్టే. అవ్వకపోతే ఈసారి బటన్ నొక్కి, పొగని మాత్రం పెట్టెకి దూరంగా రోడ్డు వైపు వదిలి చూడండి, అప్పుడు అయితే పంపు సంగతి. రెండూ కాకపోతే మాత్రం పెట్టె తెరిచి లోపల చెమ్మ వెతకాలి.

హీటరో పంపో కారణమైతే మందు ఒక్కటే: మెషిన్‌కి వేరే సర్క్యూట్. వేరే సాకెట్ అంటే వేరే సర్క్యూట్ అని కాదు, పోర్చ్ సాకెట్, గ్యారేజ్ సాకెట్ ఒకే బ్రేకర్ మీద ఉండటం చాలా ఇళ్లలో మామూలే. ఒక బ్రేకర్ ఆపి చూడండి, ఏవేవి ఆరిపోయాయో అవన్నీ ఒక కుటుంబం. మీ ఇళ్లలో 15 ఆంపియర్ల సర్క్యూట్ అంటే 1800 వాట్లు, కానీ మూడు గంటలకు మించి ఆగకుండా నడిపే లోడుకి అందులో 80 శాతం, అంటే 1440 వాట్లే లెక్క. మీ పొగ మెషిన్, లైట్ల పవర్ సప్లయి, ప్రొజెక్టర్, గాలి బొమ్మల బ్లోయర్లు కూడితే ఆ హద్దు సులువుగా దాటేస్తారు. బ్రేకర్ పడలేదు కాబట్టి బాగానే ఉందనుకోవద్దు, కొంచెం ఎక్కువైన లోడుకి అది వెంటనే పడదు, ఈలోపు ప్లగ్గులు, వైర్ల కలయికలు వేడెక్కుతూ ఉంటాయి. అరగంట నడిచాక ఎక్స్‌టెన్షన్ ప్లగ్గు దగ్గర చెయ్యి పెట్టి చూడండి, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే ఆపేయాల్సిందే. ఎక్స్‌టెన్షన్ వైరు కొనేటప్పుడు గేజ్ నంబర్ చూడండి, నంబర్ తగ్గేకొద్దీ వైరు లావు, 1000 వాట్ల మెషిన్‌కి 50 అడుగుల దూరమైతే 14 గేజ్, ఆరుబయట వాడేది తీసుకుంటే నిశ్చింత. బయటి సాకెట్‌కి షాక్ కొట్టకుండా తెంచేసే జీఎఫ్‌సీఐ రక్షణ ఉండాలి. మెషిన్ కలపగానే అది పదే పదే పడుతుంటే మెషిన్‌లోనో వైరులోనో కరెంటు కారుతోందని అర్థం, ఆ మెషిన్ పక్కన పెట్టేయండి. ఆ రక్షణ లేని సాకెట్ వెతికి అందులో పెట్టే పని, ఎర్త్ పిన్ విరిచేసే పని ఎవరు సలహా ఇచ్చినా చేయొద్దు.

చాలామందికి తెలియని ఇంకో సంగతి చెప్తాను. చవక మెషిన్లతో వచ్చే వైరు రిమోట్‌లో, ఆ చిన్న బటన్ పెట్టెలో, చాలాసార్లు నేరుగా 120 వోల్టులే ఉంటాయి. చూడటానికి బొమ్మ రిమోట్‌లా ఉంటుంది కాబట్టి తడి గడ్డి మీద పడేస్తారు, పిల్లల చేతికిస్తారు. దాన్ని నేలకు తగలకుండా, వాన పడకుండా పోర్చ్ రెయిలింగ్‌కి పైన కట్టండి, పిల్లలకి ఇవ్వొద్దు. మీవాడు పాటకు తగ్గట్టు పొగ కూడా రావాలని ఆ రిమోట్ విప్పి రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డుకి తీగలు కలుపుదామనుకుంటే (ఈ వయసు పిల్లలు తప్పకుండా అనుకుంటారు) ఒప్పుకోవద్దు. డీఎంఎక్స్ (స్టేజ్ లైట్లని, పొగ మెషిన్లని కంట్రోలర్‌తో నడిపే పద్ధతి) ఉన్న మెషిన్‌కో, తయారీదారు ఇచ్చిన వైర్‌లెస్ రిమోట్‌కో మారడం మంచిది. లైట్ల వెలుగు తగ్గించి పెంచే డిమ్మర్ చానెల్‌కి పొగ మెషిన్ కలపడం కూడా కుదరదు, అటు పంపు, ఇటు డిమ్మర్ రెండూ పోవచ్చు.

ఇప్పుడు అసలు పొగ దగ్గరికి వద్దాం. ద్రవంలో ఉండేది నీళ్లు, గ్లైకాల్ లేదా గ్లిజరిన్. గాలిలోకి వెళ్లిన బిందువుల్లో నీళ్లు ఆరిపోతాయి, గ్లైకాల్ మాత్రం ఎక్కడ వాలితే అక్కడ పల్చటి జిడ్డుగా మిగులుతుంది. ఆ జిడ్డు గాలిలో చెమ్మని పీల్చుకుంటుంది, దుమ్ముని పట్టుకుంటుంది. ఒక్క రాత్రి పొగతో సర్క్యూట్ బోర్డు కాలిపోదు. జిడ్డు, చెమ్మ, దుమ్ము మూడూ కలిసి సన్నని పిన్నుల మధ్య పొరగా ఏర్పడితే ఆ పొర గుండా కరెంటు కొద్దికొద్దిగా కారడం, లోహం తుప్పు పట్టడం మొదలవుతాయి. అందుకే ఈ ఏడాది బాగా పనిచేసి అటక మీద పెట్టిన కంట్రోలర్ వచ్చే ఏడాది తీస్తే పలకదు, ఎందుకో ఎవరికీ అర్థం కాదు.

నాజిల్ దగ్గర కథ ఇంకా వేరు. అక్కడ వచ్చేది పొగ మాత్రమే కాదు, పూర్తిగా ఆవిరి కాని వేడి చుక్కలు కూడా చిమ్ముతాయి. మెషిన్ ముందు నేల చూడండి, తడి మచ్చ ఉంటుంది. ఆ మచ్చ ఎంతవరకు ఉందో కనీసం అంతవరకు ఏ వైరు కలయికా, ఏ లైటూ, ఏ గుడ్డా ఉండకూడదు, దానికి ఇంకో మూడు నాలుగు అడుగులు కలుపుకుంటే నయం. అక్కడ జారుతుంది కూడా, కాబట్టి పిల్లలు చాక్లెట్లకి వచ్చే దారిలోకీ, మెట్ల మీదకీ నాజిల్ తిప్పొద్దు. మీ మెషిన్ మాన్యువల్‌లో ఇంతకంటే ఎక్కువ దూరం రాసి ఉంటే అదే పాటించండి.

మీవాడు కట్టిన ఐస్ పెట్టె విషయంలో మాత్రం అతన్ని మెచ్చుకుంటూనే ఒక మాట చెప్పాలి. మామూలు పొగ వెచ్చగా ఉండి పైకి లేచి గాలికి చెదిరిపోతుంది, ఐస్ మీదుగా వచ్చిన పొగ చల్లగా, బరువుగా, తడిగా ఉండి వాన నీరులా పల్లం వెతుక్కుంటూ పోతుంది. లాన్‌లో పల్లంలో ఏముంటాయి? పవర్ స్ట్రిప్, ఎక్స్‌టెన్షన్ల కలయికలు, లైట్ల పెట్టె, గాలి బొమ్మల బ్లోయర్లు. అంటే అందం కోసం చేసిన ఏర్పాటు పొగని నేరుగా కరెంటు ఉన్న చోటికే తీసుకెళ్తోంది. పొగని మార్చక్కర్లేదు, కరెంటుని పైకి లేపండి. కలయికలన్నీ గడ్డికి అడుగు రెండడుగుల పైన గుంజకి కట్టండి, వాటికి నీళ్లు చొరబడని ప్లగ్ పెట్టెలు దొరుకుతాయి, అవి వాడండి. కంట్రోలర్ పెట్టెని మెట్ల పక్కనుంచి తీసి పోర్చ్ మీదకి, గోడకి నడుమెత్తున బిగించండి. పెట్టెలోకి వెళ్లే ప్రతి వైరూ ముందు కిందికి వంగి ఆ తర్వాత పైకి వెళ్లాలి, అప్పుడు వైరు మీద పట్టిన తడి ఆ వంపు దగ్గరే కారిపోతుంది.

దూరం అడిగారు. పలానా అడుగులు అని ఒక అంకె చెప్తే అది అబద్ధమే అవుతుంది, ఎందుకంటే గాలి ఆ రోజు ఎటుందో దాన్ని బట్టి పదడుగులు చాలొచ్చు, ముప్పై అడుగులూ చాలకపోవచ్చు. హాలోవీన్‌కి వారం ముందే ఒక సాయంత్రం చీకటి పడ్డాక లైట్లన్నీ ఆపి, మెషిన్ నడిపి, నేలకి దగ్గరగా టార్చి అడ్డంగా వేసి పొగ ఎటు పాకుతోందో చూడండి. ఇంకో పని చేయండి: ఒక పాత సీడీని శుభ్రంగా తుడిచి, మెరిసే వైపు పైకి ఉండేలా కంట్రోలర్ పెట్టె పైన పెట్టండి, ఇంకొకటి ప్రొజెక్టర్ పక్కన. గంట పొగ వదిలాక తీసి లైటు కింద వంచి చూడండి, వేలితో గీయండి. గీత పడిందంటే ఆ చోటు పనికిరాదు. గీత పడలేదంటే అక్కడ పెట్టుకోవచ్చు. మీ ఇంటికి, మీ లాన్‌కి సరిపోయే కొలత అది.

ప్లాస్టిక్ కవర్ల ఆలోచన వదిలేయమని మీవారికి చెప్పండి. ఆయన ఉద్దేశం మంచిదే, కానీ పవర్ సప్లయికి, ప్రొజెక్టర్‌కి గాలి ఆడాలి, కవరు చుడితే వేడి లోపలే ఉండిపోతుంది, అక్టోబర్ చివరి చలికి కవరు లోపలి వైపు చెమ్మ పట్టి అది ఆ వస్తువు మీదే కారుతుంది. పిక్సెల్ లైట్లకి వాడే జల్లెడ డబ్బాలాంటి పవర్ సప్లయిలు అసలు ఆరుబయట పెట్టడానికి చేసినవే కావు. ఐపీ65 అని (అంటే దుమ్ము, నీటి జల్లు లోపలికి పోవని) రాసున్న గట్టి పెట్టె కొని, వైర్లు దూరేచోట గ్లాండ్లు, అంటే వైరు చుట్టూ బిగుసుకునే బిగింపులు పెట్టి, సప్లయి లోపలి లోహపు తట్టుకి ఆనేలా బిగిస్తే, చలి రాత్రుల్లో చాలావరకు ఫ్యాన్ అక్కర్లేదు. పెట్టె మరీ వేడెక్కుతోందేమో పరీక్ష రోజున లైట్లన్నీ తెల్లగా వెలిగించి చూసుకోండి. వేడెక్కితే పెద్ద పెట్టెకి మారండి గానీ, కన్నాలు కొట్టి ఫ్యాన్ పెట్టొద్దు, ఆ ఫ్యానే పొగని లోపలికి పీలుస్తుంది.

ప్రొజెక్టర్‌కి జరిగింది కూడా అదే. దాని ఫ్యాన్ గాలి పీలుస్తుంది, గాలితో పాటు బిందువులు వెళ్లి ఫిల్టర్ మీద, లెన్స్ మీద జిడ్డుగా కూర్చుంటాయి. పొగ ఉన్నంతసేపు బొమ్మ మసగ్గా ఉండటం సహజం, మర్నాడూ ఉందంటే అది పొర. ముందు ప్లగ్గు తీసి, పూర్తిగా చల్లారనిచ్చి, గాలి బల్బుతో దుమ్ము ఊది, ఆ తర్వాతే లెన్స్ క్లీనర్ ఒక చుక్క మెత్తటి లెన్స్ గుడ్డ మీద వేసి మధ్యలోంచి బయటికి తుడవండి. దుమ్ము ఊదకుండా తుడిస్తే గీతలు పడి ఇక పోవు. ఫిల్టర్ విప్పి మాన్యువల్ చెప్పినట్టు శుభ్రం చేయండి లేదా మార్చండి. అయినా మసక పోకపోతే పొర లోపలి అద్దాల మీద ఉంది, అది రిపేరు షాపు పని, ఇంట్లో విప్పొద్దు. ఈ ఏడాదికి నాకు తోచిన మంచి ఉపాయం, ప్రొజెక్టర్‌ని అసలు బయట పెట్టకపోవడం. ఇంట్లో గదిలో పెట్టి, కిటికీకి లోపలి వైపు పల్చటి తెల్లగుడ్డ కట్టి దాని మీద వేయండి, బొమ్మని అద్దంలోలా తిప్పే సెట్టింగ్ మెనూలో ఉంటుంది. దయ్యం కిటికీలోంచి చూస్తున్నట్టు ఉంటుంది, గోడ మీద కంటే బాగుంటుంది, పొగ బయట, ప్రొజెక్టర్ లోపల.

మెషిన్ బదులు డ్రై ఐస్ వాడదామని ఎవరైనా అంటారు, మన పెళ్లిళ్లలో వధూవరులు మేఘాల్లో నడిచినట్టు వచ్చే ఆ తెల్లటి పొగ చాలాచోట్ల అదే. దాంతో జిడ్డు ఉండదు, నిజమే. కానీ అది మైనస్ 78 డిగ్రీల దగ్గరుండే కార్బన్ డయాక్సైడ్, చేతులు కాలిపోతాయి, మూత బిగించిన డబ్బాలో పెడితే పేలుతుంది, మూసిన గదిలో నేల మీద పేరుకుంటే ఊపిరాడదు. మీ గ్యారేజ్ సొరంగానికి అస్సలు వద్దు. ఇక ద్రవం విషయంలో, మెషిన్ తయారీదారు చెప్పిందే పోయండి, వాసన కోసం అత్తరు, నూనె చుక్కలు కలపొద్దు, దోమల మందు పొగ మెషిన్ ద్రవం ఇందులో పొయ్యొద్దు, అందులో మండే నూనె ఉండొచ్చు. వచ్చే పిల్లల్లో ఉబ్బసం ఉన్నవాళ్లు ఉంటారు కాబట్టి పొగ ఆగకుండా కాకుండా, కాసేపు వదిలి కాసేపు ఆపండి, చూడటానికీ అదే బాగుంటుంది. మెషిన్ దగ్గర పెద్దవాళ్లు ఎవరూ లేనప్పుడు ఆన్‌లో ఉంచొద్దు.

ఆ రాత్రి అయిపోయాక అలసిపోయి అన్నీ అలాగే వదిలేసి పడుకోవాలనిపిస్తుంది. మెషిన్ ప్లగ్గు తీసి చల్లారనివ్వండి, ఎలక్ట్రానిక్స్ లోపలికి తెచ్చుకోండి. చలిలోంచి వెచ్చటి ఇంట్లోకి రాగానే వాటి మీద, లోపల చెమ్మ పడుతుంది, కాబట్టి తెల్లారేదాకా ఏదీ ఆన్ చేయొద్దు. అటక ఎక్కించే ముందు కరెంటు లేకుండా కంట్రోలర్ పెట్టె తెరిచి, బోర్డు మీద జిడ్డు కనిపిస్తే 90 శాతానికి పైనున్న ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మెత్తటి బ్రష్ పెట్టి తుడిచి బాగా ఆరబెట్టండి. లైట్ల కనెక్టర్లు ఒక్కొక్కటీ విప్పి చూడండి, పిన్నుల మీద ఆకుపచ్చ తుప్పు ఉన్నవాటిని తుడిచి మళ్లీ వాడకుండా కత్తిరించి కొత్తవి వేయించండి. పోయిన ఏడాది సామాను కూడా ఇప్పుడే ఒకసారి అలా తెరిచి చూడండి, అక్టోబర్ దాకా ఆగొద్దు.